ముందు లైను, తర్వాతే ఊరు

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో దసరా, దీపావళి సెలవులకి యూరప్ వెళ్లేవాళ్ల కోసం ఒక పేజీ వేశారు. పది రోజుల్లో ఏడు దేశాలు. ఫొటోలు బాగున్నాయి. కానీ నేను ఆర్టీసీలో 31 ఏళ్లు చేసి, కంట్రోలరుగా రిటైరైనవాణ్ణి. ఫొటో కంటే ముందు టైములు చూసే జబ్బు నాది. మీరు వేసిన ఆ పది రోజుల షెడ్యూలుని కాగితం మీద చార్టుగా గీసి చూశాను. పొద్దున ఏడింటికి హోటల్ ఖాళీ చెయ్యడం, రాత్రి తొమ్మిదింటికి ఇంకో ఊళ్లో పెట్టెలు దించడం. మధ్యలో నాలుగుచోట్ల 'ఫొటో స్టాప్'. మా డిపోలో డ్రైవర్లకి కూడా ఇలాంటి డ్యూటీ వేసేవాళ్లం కాదు. వేస్తే యూనియన్ వాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

మా తెనాలి చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా ఒకరిద్దరి పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. మాలాంటి తల్లిదండ్రులు ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి వాళ్ల దగ్గరికి వెళ్తుంటాం. పిల్లలకి దొరికేది నాలుగు రోజుల సెలవు. ఆ నాలుగు రోజుల్లో ఎటు వెళ్లాలన్నది ఇంట్లో పెద్ద గొడవ. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి, అల్లుడుగారు నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ ఊళ్లో ఉంటారు. 2024 అక్టోబరులో నేనూ మా ఆవిడా అక్కడే ఉన్నాం. మనవరాలికి బడి సెలవులు. అక్కడ చలికాలం రాకముందు, ఆకులు రాలే రోజుల్లో బడికి వారం సెలవిస్తారు. "మావయ్యగారూ, యూరప్‌లో చాలా దేశాలకి చెల్లే షెంజెన్ వీసా ఎలాగూ ఉంది కదా, పారిస్, రోమ్, ప్రాగ్ చూసొచ్చేద్దాం" అన్నారు అల్లుడుగారు. నేను నోటుబుక్కు తీశాను. మా అమ్మాయి "అయిపోయింది, నాన్న చార్టు గీస్తున్నాడు" అని నవ్వింది.

చార్టులో నేను చూసింది దూరం కాదు, స్పీడు కాదు. సర్వీసు తప్పిపోతే తర్వాతది ఎప్పుడు? బస్టాండులో నన్ను రోజుకి వందసార్లు అడిగిన ప్రశ్న ఇదే. గంటకి మూడొందల కిలోమీటర్లు పోయే రైలు బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ దాని టికెట్ ధర విమానం టికెట్ లాగా రోజురోజుకీ మారుతుంది, చౌక టికెట్ అయితే ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడతో, ఏడేళ్ల పిల్లతో, ఏ మెట్ల దగ్గరో పది నిమిషాలు ఆలస్యమైతే ఆ టికెట్ గంగలో కలిసినట్టే. అదే నెదర్లాండ్స్, బెల్జియం దేశాల లోపల తిరిగే మామూలు రైళ్లకి రిజర్వేషన్ లేదు. వారం ముందు కొన్నా, రైలొచ్చే ముందు కొన్నా అదే రేటు. ఒకటి పోతే అరగంటకో గంటకో ఇంకోటి. మన పల్లెవెలుగు లాగా అనుకోండి, కాకపోతే పరిగెత్తే పల్లెవెలుగు.

అలా చూస్తూపోతే మూడు ఊళ్లు ఒకే తాడు మీద దొరికాయి. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్, జర్మనీలో ఆహెన్, బెల్జియంలో లియేజ్. ఐండ్‌హోవెన్ నుంచి మాస్ట్రిక్ట్‌కి నేరుగా గంట ప్రయాణం. అక్కడి నుంచి లియేజ్ అరగంట. ఆహెన్ ఇంకోవైపు, సుమారు గంట. ఈ మూడింటినీ కలుపుతూ ఒకే రైలు నడుస్తుంది, దాన్ని మూడు దేశాల రైలు అనే పిలుస్తారు. 2019లో మాస్ట్రిక్ట్, ఆహెన్ మధ్య మొదలైంది. 2024 జూన్‌లో లియేజ్ దాకా పొడిగించారు. గంటకొకటి. ఇంకేం కావాలి! మాస్ట్రిక్ట్‌లో మూడు రాత్రులకి ఒకే హోటల్ తీసుకున్నాం. డిపో ఒకటే, పొద్దున బయల్దేరడం, సాయంత్రానికి డిపోకి చేరడం. పెట్టెలు మొయ్యక్కర్లేదు.

లక్సెంబర్గ్ కూడా నా చార్టులోకి వచ్చింది, ఒప్పుకోవాలి. 2020 ఫిబ్రవరి 29 నుంచి ఆ దేశంలో బస్సు, ట్రాము, రెండో తరగతి రైలు అన్నీ ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం చేశారు, లక్సెంబర్గ్‌లో ఆడా మగా తేడా లేదు, ఊరివాడా పరాయివాడా అని అడగరు. టికెట్ లేని దేశం ఎలా ఉంటుందో చూడాలని టికెట్లు లెక్కపెట్టి బతికినవాడికి కోరిక ఉండదా? కానీ లియేజ్ నుంచి అక్కడికి రెండున్నర గంటలకి పైనే. కొట్టేశాను.

శనివారం, 26వ తారీఖున బయల్దేరాం. దారిలో సిట్టార్డ్ అనే ఊరి దగ్గర రైలు ఆగిపోయింది. ఇరవై నిమిషాలు. మైకులో ఏదో చెప్పారు. "ఏమైందమ్మా?" అంటే మనవరాలు "ఆకులు తాతయ్యా" అంది. ఆకులేంటి, రైలు ఆగడమేంటి అనుకున్నాను. అల్లుడుగారు వివరంగా చెప్పారు. ఆ రోజుల్లో చెట్ల ఆకులు పట్టాల మీద రాలి, తడిసి, చక్రాల కింద నలిగి నల్లటి జిగురుపొరలా పరుచుకుంటాయట. దాని మీద చక్రం జారుతుంది, బ్రేకు పట్టదు. అందుకని నెమ్మదిగా నడుపుతారు. ఇసుక కలిపిన జెల్ లాంటిది పట్టాలకి పూస్తారు కూడా. మనకి తొలకరి చినుకులు పడ్డ రోజున తారురోడ్డు జారుతుంది చూడండి, డ్రైవర్లకి ఆ రోజు ప్రత్యేకంగా చెప్పి పంపేవాళ్లం. ఇదీ అంతే. అక్టోబరు, నవంబరుల్లో యూరప్‌లో రైలెక్కేవాళ్లు ఎవరైనా సరే, రైలు మారాల్సి ఉంటే మధ్యలో కనీసం అరగంట వదలండి. ఆకుల రంగులు చూడ్డానికి వెళ్తూ ఆకుల మీద కోప్పడితే ఎలా?

మాస్ట్రిక్ట్ గురించి ఎక్కువ రాయను. 1992లో యూరప్ దేశాలు యూనియన్ ఒప్పందం మీద సంతకాలు పెట్టిన ఊరు, యూరో కరెన్సీకి పునాది పడింది అక్కడే. మ్యూజ్ నది మీద 13వ శతాబ్దపు రాతి వంతెన ఇప్పటికీ జనాన్ని మోస్తోంది. నాకు నచ్చింది మాత్రం పుస్తకాల షాపు. అదీ 13వ శతాబ్దపు చర్చిలో. ఆ చర్చి మధ్యలో సైకిళ్లు పెట్టుకునే షెడ్డుగా కూడా పనిచేసిందట, 2006 నుంచి పుస్తకాల షాపు. నిలువెత్తు ఉక్కు అరల్లో పుస్తకాలు, పైన చూస్తే పాత బొమ్మలు. మా ఆవిడ చెప్పులు విప్పాలా అని అడిగింది.

ఇక ఆదివారం. ఇక్కడ నా పరువు పోయిన సంగతి రాయాలి. అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున యూరప్‌లో చాలా దేశాల్లో వేసవి టైము అయిపోయిందని గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఫోన్లలో దానంతటదే మారిపోతుంది. నాది హెచ్ఎంటీ చేతివాచీ, రిటైర్మెంటుకి కూడా అదే కట్టుకుని వెళ్లాను. ఎవరు చెబుతారు దానికి? పొద్దున్నే లేచి, స్నానం చేసి, "నేను ముందెళ్లి ప్లాట్‌ఫాం చూసుంటా, మీరు మెల్లగా రండి" అని స్టేషన్‌కి వెళ్లిపోయాను. పెద్ద గడియారం గంట తక్కువ చూపిస్తోంది. అది పాడైందనుకున్నాను! 31 ఏళ్లు టైము చూసిన మనిషికి తన వాచీ మీద అనుమానం రాదు, ఊరి గడియారం మీదే వస్తుంది. అల్లుడుగారు తర్వాత చెప్పారు, ఆ రాత్రి జర్మనీలో నడిచే రాత్రి రైళ్లు ఏదో ఒక స్టేషన్‌లో గంటసేపు ఊరికే నిలబడి ఉంటాయట, టైము కంటే ముందు పోకూడదని. ఆ కంట్రోలరు పని చెయ్యాలని నాకు భలే ఆశ పుట్టింది.

అక్కడితో అయిపోలేదు. లియేజ్ రైలు ఎక్కడాగుతుందని ఒక కుర్రాణ్ణి అడిగాను. "లౌక్?" అన్నాడు. కాదు నాయనా, లియేజ్. "యెస్, లౌక్" అని ఒక ప్లాట్‌ఫాం చూపించాడు. నాకు లౌక్ వద్దు అని ఇంకోవైపు వెళ్లి నిలబడ్డాను. గంట తర్వాత మావాళ్లొచ్చారు. మనవరాలు పడీ పడీ నవ్వింది. డచ్చి వాళ్లు లియేజ్‌ని లౌక్ అంటారు, జర్మన్లు ల్యుటిష్ అంటారు. అలాగే ఆహెన్‌ని డచ్చిలో ఆకెన్ అంటారు, ఫ్రెంచి వాళ్లకి అది ఎక్స్-లా-షపెల్. బెజవాడ బస్సు కోసం వచ్చి విజయవాడ బోర్డు చూసి ఎక్కకుండా నిలబడ్డ ముసలాయనల్ని నేను ఎంతమందిని చూశానో! ఆరోజు ఆ ముసలాయన నేనే. సరిహద్దు ఊళ్లకి వెళ్లేవాళ్లు ఊరి పేరు మూడు భాషల్లోనూ కాగితం మీద రాసుకుని పెట్టుకోండి.

లియేజ్‌కి ఆదివారమే ఎందుకంటే, ఆరోజు పొద్దున మ్యూజ్ నది ఒడ్డున లా బాత్ అనే సంత జరుగుతుంది. బెల్జియంలో బాగా పెద్ద సంతల్లో, పాతవాటిలో అదొకటి. కూరలు, కోళ్లు, బట్టలు, గిన్నెలు, అరుపులు. మా ఆవిడకి యూరప్‌లో మొదటిసారి ఇల్లు గుర్తొచ్చింది. జర్మనీలో ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు కాబట్టి ఆహెన్ సోమవారానికి వేశాను. వారం చూసి ఊరు వెయ్యడం కూడా చార్టులో భాగమే.

సంతలో బంగాళాదుంప వేపుళ్ల బండి ఉంది. ఆ దేశం దానికి పేరు. మా ఆవిడ తెనాలిలో మిరపకాయ బజ్జీ తిన్నా ముందు "నూనె ఏం నూనె?" అని అడుగుతుంది. ఇక్కడా అమ్మాయి చేత అడిగించింది. ఆ బండాయన మురిసిపోయి, లోపల్నుంచి ఒక తెల్లటి దిమ్మ తెచ్చి చూపించాడు. ఆవు కొవ్వు. పాత పద్ధతిలో చేసే చోట దాంట్లోనే వేయిస్తారట, రుచి దానివల్లే వస్తుందని చెప్పాడు, పాపం మంచివాడు. మా ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. శాకాహారులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, బంగాళాదుంపే కదా అని నోట్లో వేసుకోకండి. పక్కనే లియేజ్ వాఫిల్స్, పంచదార పలుకులు అంటుకుని ఘుమఘుమలాడుతున్నాయి. వాటిలో గుడ్డు.

మరి ఏం తిన్నారంటారా? వచ్చేటప్పుడు మేం మెట్ల వీధి ఒకటి చూడ్డానికి వెళ్లాం. 374 మెట్లు, ఇళ్ల మధ్య నిట్టనిలువుగా. అల్లుడుగారు, మనవరాలు ఎక్కారు, మేం కింద కూర్చున్నాం. దాంతో తిరుగు రైలు కళ్లముందే వెళ్లిపోయింది. ఎవరికీ టెన్షన్ లేదు. ఇంకో గంటకి ఇంకోటి. లియేజ్ గిల్లెమా స్టేషన్ ఎలా ఉంటుందంటే, గోడ లేదు, తలుపు లేదు. తెల్లటి ఉక్కు పక్కటెముకలు, పైన గాజు, అది అలలా లేచి ప్లాట్‌ఫాముల మీద వాలింది. సాంటియాగో కాలట్రావా అనే స్పెయిన్ ఆర్కిటెక్టు కట్టాడు, 2009లో ప్రారంభమైంది. ఆ గాజు కింద బెంచీ మీద మా ఆవిడ డబ్బా తీసి పులిహోర పెట్టింది. చూడాల్సిన స్టేషన్‌ని గంటసేపు కూర్చుని చూశాం. రిజర్వేషన్ రైలయితే ఆ గంట ఏడుస్తూ గడిచేది.

ఆ సంతలో ఆవిడ కొన్నది ఒక్కటే, లియేజ్ సిరప్ డబ్బా. ఆపిల్, బేరి పళ్లని గంటల తరబడి ఉడికించి, రసం దించి, మళ్లీ దగ్గరకొచ్చేదాకా కాస్తారు. నల్లగా, చెంచాకి అంటుకుని తీగ సాగుతుంది. "ఇది మన బెల్లప్పాకమేనండీ, ఉండపాకానికి ఒక్క పొంగు ముందు దించారు" అంది రుచి చూసి. మంగళవారం ఇంటికొచ్చాం. గురువారం దీపావళి, దోసెల్లోకి అదే.

సోమవారం ఆహెన్‌కి బస్సులో బయల్దేరాం, 350 నంబరు. రైలుంది కదా అంటారు. బస్సు గుట్టల మీదుగా, యాపిల్ తోటల పక్కనుంచి, పల్లెలు తిరుక్కుంటూ పోతుంది. ఆకులు చూడాలంటే బస్సే. నెదర్లాండ్స్‌లో బ్యాంకు కార్డు చూపించి ఎక్కడం, మళ్లీ చూపించి దిగడం పద్ధతి. మనిషికొక కార్డు ఉండాలి, ఒక్క కార్డు అందరికీ చాలదు. సరిహద్దు పక్కనున్న వాల్స్ అనే ఊళ్లో దిగేటప్పుడు మా ఆవిడ కార్డు పర్సులో వేసుకుని హుందాగా దిగిపోయింది. "అమ్మా, కార్డు!" అని అమ్మాయి అరిచేలోపు తలుపు మూసుకుంది. ఇలా మర్చిపోతే మనం వెళ్లిన దూరానికి కాకుండా ఒక స్థిర మొత్తం పట్టేస్తారు. నా సర్వీసులో టికెట్ తీసుకోకుండా ఎక్కినవాళ్లకి జరిమానా వేశాం గానీ, దిగినట్టు చెప్పనందుకు ఎవరికీ వెయ్యలేదు.

వాల్స్ పైన గుట్ట మీద మూడు దేశాలు కలిసే రాయి ఉంది. 322 మీటర్ల ఎత్తు. యూరప్‌లోని నెదర్లాండ్స్‌లో అంతకంటే ఎత్తయిన చోటే లేదట! బెల్జియం విడిపోయాక, 1830ల నుంచి 1920 దాకా అక్కడ మూడు కాదు, నాలుగు సరిహద్దులు కలిసేవి. 1816లో ఒక జింకు గని ఎవరిదో తేల్చుకోలేక, మొరెస్నెట్ అనే చిన్న ముక్కని ఎవరిదీ కాకుండా వదిలేశారు. వందేళ్లు అలాగే నడిచింది. పొలం గట్టు తగాదా మనకే సొంతం అనుకోనక్కర్లేదు.

సరిహద్దు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఈ మూడూ షెంజెన్ దేశాలే, కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లి రావచ్చు. కానీ జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీ పెట్టింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అయినా పాస్‌పోర్టు హోటల్లో పెట్టి వెళ్లకండి. జేబులో జిరాక్సు ఉంది కదా అంటే కుదరదు.

ఆహెన్‌లో చూడాల్సింది పెద్ద చర్చి. దాని నడిబొడ్డున ఉన్న ఎనిమిది మూలల మంటపం షార్లమేన్ చక్రవర్తి కట్టించింది, పన్నెండు వందల ఏళ్లది. 936 నుంచి 1531 దాకా జర్మన్ రాజులకి అక్కడే పట్టాభిషేకం. సింహాసనం అంటే బంగారం, రత్నాలు అనుకున్నాం. నాలుగు పాలరాతి పలకలు, అంతే, మన అరుగు లాగా. నాకది బాగా నచ్చింది, మా ఆవిడకి నచ్చలేదు.

బయట ఎలిజెన్‌బ్రున్నెన్ అని స్తంభాల మంటపం, అందులో గోడలోంచి వేడి నీళ్లు కారుతుంటాయి. గంధకం నీళ్లు. మా ఆవిడ చెయ్యి పెట్టి, వాసన చూసి, "కుళ్లిన గుడ్డు కంపు. ఈ గుడ్డు లియేజ్ నుంచి మన వెంటే వచ్చిందే" అంది. సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. గడియారం మారిన రోజు నుంచే పొద్దు గంట ముందే వాలిపోతుంది, బయట చూడాల్సినవన్నీ మధ్యాహ్నం లోపలే పెట్టుకోవాలి. మూడు దేశాల రైల్లో మాస్ట్రిక్ట్ చేరి అన్నం వండుకున్నాం. హోటల్లో వంటగది ఉందా అన్నది నా చార్టులో లేదు, మా ఆవిడ చార్టులో మొదటి గడి అదే.

ఈ అక్టోబరులో మళ్లీ వెళ్తున్నాం. నోటుబుక్కులో ఈసారి ఆంట్వెర్ప్, ఘెంట్, బ్రూజ్ గీశాను. మూడూ బెల్జియంలోనే, ఒకదాని నుంచి పక్కదానికి గంటలోపే. ఘెంట్ అనగానే మా ఆవిడ ఒప్పేసుకుంది. 2009 నుంచి ఆ ఊళ్లో గురువారం శాకాహారం రోజుగా పాటిస్తున్నారని అమ్మాయి చెప్పింది. "గురువారం బాబా వారం కూడానూ" అంది. ఒక్క చిక్కుంది. ఘెంట్ పెద్ద స్టేషన్‌ని ఏళ్ల తరబడి తిరగ్గడుతున్నారు. అన్ని ప్లాట్‌ఫాములకీ లిఫ్టు వచ్చిందా, ఇంకా మెట్లేనా? ఆ ఊళ్లో ఉండే తెలుగువాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చూస్తే మీ పత్రికకి ఒక ముక్క రాయమనండి. అది తెలిశాకే టికెట్లు తీస్తాం.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ కంట్రోలర్,
తెనాలి.